త్రాసుబాబాయి బీరువాలో ఇరవై ఫ్లాగులు

ఆయన చేతిగడియారం రోజుకు పదకొండు సెకన్లు ముందుకు నడుస్తుంది. ఆ సంగతి తెలుసు కాబట్టే ఆయన ఆ గడియారాన్ని నమ్ముతాడు. తేడా లేదని చెప్పుకునే గడియారాల మీదనే ఆయనకు అనుమానం.

తూనికలు, కొలతల కార్యాలయంలో ఆయనది ఇరవై తొమ్మిదేళ్ల పరీక్షకుడి ఉద్యోగం. దుకాణాలవాళ్లు తెచ్చిన త్రాసుల్లో రాళ్లు పెట్టి చూసి, ముద్ర వేయడమో వెనక్కి పంపడమో ఆయన పని. మొదటిసారి చూపిన తూకాన్ని ఏనాడూ రాసుకోలేదు. మూడుసార్లు తూచి, మూడూ ఒకటే అయితే నాలుగోసారి తూచేవాడు. ఇంట్లోనూ అదే వరస. సబ్బుబిళ్ల కాగితం విప్పకముందే తూకం వేస్తాడు. ఒంట్లో వేడి చూడటానికి రెండు థర్మామీటర్లు ఉన్నాయి. "నా జ్వరానికి కూడా సాక్షి కావాలి ఈయనకి," అంటుంది భార్య.

కార్యాలయం వెనకగదిలో ఒక చెక్కపెట్టె ఉంది. లోపల మఖమలు గుంటల్లో ఇత్తడి ప్రమాణపు రాళ్లు. రోజూ వాడే రాళ్లు సరిగ్గా ఉన్నాయా అని వీటితో పోల్చి చూసేది ఏడాదికి రెండుసార్లే. చేత్తో తాకరు, తోలు చుట్టిన పట్టకారుతో ఎత్తుతారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఎవరైనా, ఇంత మంచి రాళ్లను దాచిపెట్టడం ఎందుకని అడిగితే ఆయన దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. "ఎత్తి దించిన ప్రతిసారీ ఎంతో కొంత అరుగుతుంది. కంటికి కనిపించదు. దేనితో పోల్చి చూస్తున్నామో అదే అరిగిపోతే, ఊళ్లో ఉన్న సరైన త్రాసులన్నీ మనకి దొంగత్రాసుల్లా కనిపిస్తాయి." ఈ మాట ఆయన కనీసం నలభైమందికి చెప్పి ఉంటాడు.

ఒకనాటి సాయంత్రం కూతురు నడుముకు ఒక బెల్టు పెట్టుకుని ఇంటికి వచ్చింది. ఆమె కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించే పని చేస్తుంది. బెల్టుకు రెండు పక్కలా మూరెడు పొడవున రెండు ఎర్రటి పట్టీలు వేలాడుతున్నాయి.

"ఏమిటది?"

"బెల్టు నాన్నా."

"ఆ తోకలేమిటి?"

"తోకలు కాదు, ఫ్లాగులు. ఫ్లాగ్ ఫుట్‌బాల్ అని కొత్త ఆట. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ల ఫ్లాగు ఒకటి ఎదుటివాళ్లు పీకేస్తే పరుగు అక్కడితో ఆగిపోవాలి. మీద పడి పడగొట్టడాలు, దెబ్బలు ఉండవు."

"పీకకుండానే పీకేశామంటే?"

"చేతిలో ఫ్లాగు చూపించాలిగా."

"ముందే ఇంకొకటి జేబులో పెట్టుకొచ్చి చూపిస్తే?"

వంటగదిలోంచి భార్య అందుకుంది. "ఆట ఇంకా మొదలవనే లేదు, మీ నాన్న దొంగని పట్టేశారు."

ఆయన నవ్వలేదు. బెల్టు విప్పించి దీపం కిందికి తీసుకెళ్లాడు. ఫ్లాగు పైకొసన గట్టి ప్లాస్టిక్ బిరడా ఉంది. బెల్టుకు కుట్టిన చిన్న గిన్నెలాంటి గూట్లో అది 'టప్'మని ఇముడుతుంది, లాగితే మళ్లీ 'టప్'మని ఊడుతుంది. ఎంత బలంతో లాగితే ఊడుతుందో బెల్టు మీద ఎక్కడా రాసిలేదు. అది ఆయనకు నచ్చలేదు.

మరుసటి ఆదివారం ఆయన మైదానానికి వెళ్లాడు. మూతపడిన నూలుమిల్లు గోదాముల వెనక ఉన్న ఖాళీ స్థలం అది. తొమ్మిదిమంది ఆడపిల్లలు, కోడిగుడ్డును సాగదీసినట్టున్న ఒక బంతి, ఒక ఈల, ఆ ఈల వెనక ఒక పెద్దావిడ. బడిలో వ్యాయామం నేర్పి పదవీ విరమణ చేసిన ఆమెను అందరూ డ్రిల్లు మేడం అంటారు. ఆయన మొదట అడిగింది ఆ బంతి గురించి.

"గుండ్రంగా లేదేం? ఎటు దొర్లుతుందో ఎలా తెలుస్తుంది?"

"తెలియదు. అదే సరదా."

"ఈ ఆట ఎవరు కనిపెట్టారు?"

డ్రిల్లు మేడం ఈల మెడలో వదిలేసి చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనిక శిబిరాల్లో ఇది మొదలైందని చెప్పుకుంటారు. అక్కడి అసలు ఫుట్‌బాల్లో ఒకరినొకరు గుద్ది పడేసుకోవాలి. శిబిరంలో ఎముకలు విరక్కూడదని నడుముకు గుడ్డ కట్టుకుని, అది లాగితే పడేసినట్టే అనుకున్నారు. యుద్ధం అయ్యాక ఇళ్లకు వెళ్లినవాళ్లు ఆటను కూడా వెంట తీసుకెళ్లారు. తర్వాత కళాశాలలకు, ఆడపిల్లలకు, దేశదేశాలకు పాకింది. రెండువేల ఇరవై ఎనిమిది ఒలింపిక్స్‌లో దీన్నీ చేర్చారు.

ఆయన అంతా విని, "చావడానికి సిద్ధపడి యుద్ధానికి వెళ్లేవాళ్లు ఆటలో దెబ్బ తగలకూడదని జాగ్రత్తపడ్డారా?" అన్నాడు.

"వాళ్లు కాదు సార్, వాళ్ల పై అధికారులు పడ్డారు. చెయ్యి విరిగితే తుపాకి ఎవరు పట్టుకుంటారు?"

ఆ జవాబులో లొసుగు ఆయనకు దొరకలేదు. దొరకకపోవడమే కంట్లో నలుసులా గుచ్చుకుని, మంగళవారం గ్రంథాలయానికి వెళ్లి రెండు పుస్తకాలు తిరగేశాడు. రెండింట్లోనూ సైనిక శిబిరాల మాట ఉంది కానీ సంవత్సరాలు కలవలేదు. తన నోటుపుస్తకంలో 'చెప్పుకుంటారు' అన్న మాటకింద గీత గీసుకుని ఊరుకున్నాడు.

ఆ తర్వాతి పద్నాలుగు నెలల్లో ఆట పెరిగిన తీరు ఆయనకు బొత్తిగా మింగుడుపడలేదు. తొమ్మిదిమంది పద్దెనిమిదిమంది అయ్యారు. బస్సు డిపోలో ఒక జట్టు, ఆసుపత్రి నర్సులది ఒకటి, రెండు బళ్లలో రెండు, అలా ఎనిమిది జట్లు తయారయ్యాయి. పుస్తకాల దుకాణం గుమ్మానికి కోడిగుడ్డు బంతులు వేలాడాయి. మొదటి ఆదివారం చూసేవాళ్లు పద్నాలుగుమంది, తలలు తనే లెక్కపెట్టాడు. ఏడాది తిరిగేసరికి రెండువందల పన్నెండు. ఎవరైనా వీళ్లను పోగుచేసి తెస్తున్నారేమోనని పక్కనున్నవాళ్లను ఒక్కొక్కరిని అడిగి చూశాడు. "మా అమ్మాయికి దెబ్బలు తగలవన్నారండి, పంపించాం," అన్నాడొక తండ్రి. "బస్సు ఇటే వెళ్తుంది, దిగాను," అంది ఒక ముసలామె. ఇన్ని వేరువేరు కారణాలు ఒకేచోటికి రావడమేమిటని ఆయనకు కొత్త అనుమానం పుట్టింది.

ఒకరోజు ఉక్కుటేపు తెచ్చి మైదానం కొలిచాడు. వెడల్పు ఇరవై ఐదు గజాలుండాలి, అంటే ఇరవై రెండు మీటర్ల ఎనభై ఆరు సెంటీమీటర్లు. యాభై ఆరు సెంటీమీటర్లు తక్కువుంది.

"నాన్నా, అందరిముందూ పరువు తీయకు," అని కూతురు పళ్ల బిగువున అంది.

డ్రిల్లు మేడం మాత్రం ఆ టేపును చూసి, "ఇన్నాళ్లకి నాకు కావలసిన మనిషి దొరికాడు," అంది. ఎనిమిది జట్ల పోటీ జరగబోతోంది. సామాను పరీక్షించే పని ఆయనకు అప్పగించింది. ఆటగత్తెలు ఆయనకు త్రాసుబాబాయి అని పేరు పెట్టారు.

పరీక్షకు ఆయన తనదైన పద్ధతి ఒకటి ఏర్పాటు చేసుకున్నాడు. కొక్కెం ఉన్న స్ప్రింగు త్రాసుకు ఫ్లాగును తగిలించి, బిరడా ఊడేదాకా లాగాలి. కూతురు ఆడేది గోదాముల జట్టులో. సొంత కూతురని వదిలేశాడన్న మాట రాకూడదు. అందుకని ఆ జట్టు బెల్టులు పదీ, వాటి ఫ్లాగులు ఇరవై, తన ఇంట్లో ఇనపబీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవిని చొక్కా లోపలి జేబుకు పిన్నీసుతో గుచ్చుకున్నాడు. వారానికి రెండుసార్లు, ఒక్కో ఫ్లాగునూ ఇరవైసార్లు లాగి చూసేవాడు. మిగతా జట్లవి ఆటరోజు పొద్దున మూడుసార్లు లాగితే సరిపోయేది.

కొలిచింది రాసే తీరు కూడా కార్యాలయం నుంచి తెచ్చుకున్నదే. అక్కడ రాయి బరువెంతో రాయరు, ప్రమాణానికి తేడా ఎంతో రాస్తారు. తన బీరువాలో, తన తాళం కింద ఉన్న ఫ్లాగులకన్నా నమ్మదగిన ప్రమాణం ఏముంటుంది? త్రాసు మీద జరిపేందుకు వీలుగా ఒక ఇత్తడిముల్లు ఉంది. ప్రతివారం గోదాముల జట్టు ఫ్లాగులు సగటున ఎక్కడ ఊడాయో అక్కడ ముల్లును నిలిపి, అదే సున్నా అనుకుని, మిగతావాళ్లవి ఆ ముల్లుకన్నా ఎంత పైన ఊడాయో రాసుకునేవాడు. మొదటి వారం డిపో జట్టుకు వంద గ్రాముల తేడా వచ్చింది. అది లెక్కలోది కాదు. రెండో వారం రెండువందల యాభై. నాలుగో వారం ఆరువందలు. ఆరో వారానికి కిలో దాటింది.

ఆయన గుండెల్లో గంట మోగింది. ఎవరో ఫ్లాగులు బిగిస్తున్నారు.

ఆరో వారంలోనే గోదాముల జట్టుకూ డిపో జట్టుకూ ఆట పడింది. కూతురు బంతి అందుకుని పక్కకు తిరిగిందో లేదో, నడుము దగ్గర ఫ్లాగు జారి నేల మీద పడింది. ఈ పోటీలో ఫ్లాగు ఎలా ఊడినా పరుగు అక్కడితో ఆగిపోతుంది. అలా మూడుసార్లు జరిగింది. అవతల డిపో జట్టు నాయకురాలు, బస్సు కండక్టరు, కిక్కిరిసిన బస్సులో టిక్కెట్లు కొడుతూ వెళ్లినట్టే మనుషుల మధ్య నుంచి జారుకుంటూ రెండుసార్లు చివరి గీత దాటి పాయింట్లు తెచ్చింది. ఇరవైకి పదమూడు పాయింట్లతో గోదాముల జట్టు ఓడింది.

"నన్నెవరూ ముట్టుకోలేదు నాన్నా. దానంతటదే జారింది."

"దానంతటదే ఏదీ జారదు."

"అయితే దయ్యం లాగింది."

"చెయ్యి కనపడకుండా లాగే ఉపాయం ఏదో ఉండి ఉంటుంది. వాళ్లవి ఊడకుండా బిగించుకుంటున్నారు, మనవి తెలియకుండా లాగేస్తున్నారు."

ఆట ముగిశాక ఆయన నోటుపుస్తకం తెరిచి కండక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె గోదాము అరుగు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటోంది.

"అమ్మా, మీ బెల్టులు ఎవరి దగ్గర ఉంటాయి?"

"ఎవరి దగ్గరా ఉండవు బాబాయ్. డిపోలో మేకుకి వేలాడుతుంటాయి."

"అంటే ఎవరైనా ముట్టుకోవచ్చు."

"ముట్టుకోవచ్చు. ఎవరూ ముట్టుకోరు. అంత చెమటవాసన."

"గూట్లో జిగురు లాంటిది ఏమైనా పూస్తారా?"

ఆమె రెండో బూటు విప్పడం ఆపింది. "బాబాయ్, నన్ను అడుగుతున్నారా, దొంగ అంటున్నారా?"

"అడుగుతున్నాను."

"అడిగేవాళ్లు నేను నోరు తెరవకముందే పుస్తకంలో రాయరు."

ఆయన కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. రాసింది మాత్రం కొట్టేయలేదు.

పోటీలు ముగిసేసరికి డిపో జట్టు అందరికన్నా పైన నిలిచింది. గోదాముల జట్టు చివరి మూడింట్లో రెండు ఓడి, ఎలాగో ఈడ్చుకుంటూ రెండో స్థానంలో పడింది. ఆ రెంటికీ ఆదివారం పది గంటలకు ఆఖరి ఆట. ఆయన మూడు పేజీల ఫిర్యాదు రాశాడు, వెనక వారాల వారీగా తేడాల పట్టిక జోడించాడు. ఫ్లాగులు ఊడకుండా చేసినట్టు తేలితే ఆ జట్టునూ, నాయకురాలినీ ఏడాదిపాటు తీసేయాలని నిబంధన. వచ్చే నెలలోనే ప్రాంతీయ జట్టు ఎంపికలు ఉన్నాయి, వాటికి ముప్పై ఏళ్లు దాటకూడదు. కండక్టరమ్మకు ఇరవై తొమ్మిదేళ్ల ఎనిమిది నెలలు. ఫిర్యాదు నిలిస్తే ఆమెకు ఇక ఎంపిక అన్నదే ఉండదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. పుట్టినతేదీ కూడా పట్టికలో రాసింది ఆయనే.

డ్రిల్లు మేడం మూడు పేజీలూ నిలబడే చదివింది.

"వస్తువేది?"

"పట్టిక ఉందిగా."

"పట్టిక చూసి ఒక పిల్ల ఆట మాన్పించమంటారా? ఏం పూశారు, ఎక్కడ బిగించారు, వస్తువు చూపించండి. ఆదివారం ఎనిమిదింటికి కమిటీ కూర్చుంటుంది. అప్పటిదాకా ఈ కాగితం నా దగ్గరే ఉంటుంది."

ఇంట్లో భార్య ఆ పట్టిక నకలు చూసింది. కూరలు తరిగే బల్ల మీద దాన్ని పరిచి, డిపో జట్టు కింద ఉన్న వరసలన్నీ వేలితో జరుపుకుంటూ వెళ్లింది.

"నర్సులవి కూడా పెరిగాయే?"

"పెరిగాయి."

"బడి పిల్లలవి కూడానా?"

"ఏడు జట్లవీ పెరిగాయి. డిపో మొదలుపెట్టింది, మిగతావాళ్లు పట్టుకున్నారు. ఒక్కొక్కరి సంగతీ తర్వాత తేలుస్తాను."

"ఏడు జట్లూ కలిసి ఒకే లెక్కన మోసం చేయాలంటే ముందు వాళ్లు ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోవాలి కదండీ. నర్సులకీ డిపోవాళ్లకీ ఉప్పూ నిప్పూ."

"అదే నా అనుమానం కూడా. పైకి అలా కనిపిస్తున్నారు."

ఆమె పట్టిక మడిచి ఆయన చేతిలో పెట్టింది. "మీతో పాతికేళ్లు కాపురం చేసినందుకు నాకూ ఒక ముద్ర వేసి పంపించండి," అని తరుగుడులో పడింది.

శనివారం మధ్యాహ్నం ఆయన డిపోకు వెళ్లాడు. కండక్టర్ల విశ్రాంతి గదిలో రెండు బల్లలు, ఒక కూజా, గోడకు వరసగా మేకులు ఉన్నాయి. తడి గొడుగుకూ టిక్కెట్టు మిషను సంచికీ మధ్య పది బెల్టులు ఒకే మేకుకు గుత్తిగా వేలాడుతున్నాయి. తాళం లేదు, తలుపుకు గడియ కూడా సరిగా పడదు. దాచుకోవలసింది ఏదో ఉన్నవాళ్లు ఇలా పెట్టరని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే, అలా అనిపించడానికే ఇలా పెట్టి ఉంటారనీ అనిపించింది.

కండక్టరమ్మ ట్రిప్పు ముగించుకుని వచ్చి ఆయన్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"ఒక బెల్టు కావాలి. పరీక్షించి తిరిగి ఇస్తాను. కవరు మీద మీరు సంతకం పెట్టాలి."

ఆమె గుత్తిలోంచి ఒకటి ఏరి ఇచ్చింది. "నా నడుముదే తీసుకెళ్లండి."

"ఇదే ఎందుకు?"

"మీకు దీనిమీదే కదా అనుమానం. వేరేది ఇస్తే ఎందుకిచ్చానని దానికో పేజీ రాస్తారు." సంతకం పెట్టి కవరు తిప్పి చూపించింది. "రేపు పొద్దున నా ఆట ఉంటుందో లేదో ఈ కవరులో ఉంది బాబాయ్. జాగ్రత్తగా లాగండి."

శనివారం ఒంటిపూట కార్యాలయం కావడంతో వెనకగదిలో ఎవరూ లేరు. ఆయన కవరు కోసి, భూతద్దం కింద గూటిని నాలుగు వైపులా చూశాడు. జిగురు లేదు, దారం ముడి లేదు. స్పిరిట్టుతో కడిగి ఆరనిచ్చి లాగాడు. ముల్లుకన్నా కిలో మూడువందలు పైన ఊడింది. కడగకముందు ఎంతో, కడిగాకా అంతే.

పోల్చడానికి మూడో వస్తువు ఉండాలని డ్రిల్లు మేడం దగ్గర నుంచి ఒక కొత్త జత తెచ్చుకున్నాడు. అదే కంపెనీది, అదే పెట్టెలోది, ప్లాస్టిక్ కాగితం ఇంకా చింపనిది. దాన్ని విప్పి లాగాడు. ముల్లుకన్నా కిలో ఐదువందలు పైన ఊడింది.

ఆయన త్రాసును కింద పెట్టాడు. ఎవరి చెయ్యీ పడని ఫ్లాగు, దొంగఫ్లాగుకన్నా ఎక్కువ దొంగగా ఉంది. పావుగంటసేపు ఫ్యాక్టరీని అనుమానించాడు. తర్వాత స్ప్రింగును అనుమానించి, ఒక కిలో, రెండు కిలోలు, ఐదు కిలోల రాళ్లు వేలాడదీసి చూశాడు. మూడుచోట్లా వెంట్రుకవాసి తేడా లేదు. నాలుగోసారి కూడా చూశాడు. అనుమానించడానికి గదిలో ఇంకేమీ మిగల్లేదు, బీరువాలోంచి తాను స్వయంగా తెచ్చుకున్న సంచీ తప్ప.

తొమ్మిది వారాల్లో మొదటిసారి ఇత్తడిముల్లును పక్కకు తప్పించి, అంకెలను నేరుగా చదివాడు. కొత్త జత రెండు కిలోల ఆరువందలు. కండక్టరమ్మది రెండు కిలోల నాలుగువందలు. గోదాముల జట్టువి ఒకటికి ఒకటి లాగాడు. ఒక కిలో వంద, ఒక కిలో నూటయాభై, కిలోకు తక్కువ, ఒక కిలో వంద.

భూతద్దంలో తన కూతురి బిరడా అంచు నున్నగా మెరుస్తోంది. గూటి పెదవి గుండ్రంగా అరిగిపోయి ఉంది. ఆటలో అరిగిన అరుగుదల ఒకపక్కగా, గీతలు గీతలుగా ఉండాలి. ఇది నాలుగు వైపులా ఒకేలా ఉంది. ఎవరో చాలా ఓపికగా, తిన్నగా, ఒకే కోణంలో మళ్లీమళ్లీ లాగితే తప్ప ఇలా అరగదు. కాగితం మీద లెక్క వేశాడు. ఇరవైసార్లు, వారానికి రెండు విడతలు, తొమ్మిది వారాలు. ఒక్కో ఫ్లాగుకు మూడువందల అరవై. డిపోవాళ్ల ఫ్లాగులను ఆయన లాగింది ఏడు ఆటలకూ కలిపి ఇరవై ఒక్కసారి.

చెక్కపెట్టె ఎదురుగా బల్ల మీదే ఉంది. ఆయన దానివైపు చూడలేదు. పట్టకారు వేలాడే మేకువైపు చూశాడు, మళ్లీ తన చేతులవైపు చూసుకున్నాడు. మైదానంలో అనుమానించని మనిషి లేడు. అంతా చేసి పప్పులో కాలు వేసింది ఇక్కడ, తన తాళం కింద, తన పద్ధతి ప్రకారం.

ఇంటికి వచ్చేసరికి కూతురు వాకిట్లో బంతి ఎగరేసి పట్టుకుంటోంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ఉన్నది ఉన్నట్టు, అంకెలతో సహా చెప్పాడు. ఆమె బంతిని ఒళ్లో పెట్టుకుని వింది.

"అంటే ఆరోజు నన్ను మూడుసార్లు ఆపింది దయ్యం కాదన్నమాట."

"కాదు."

"నువ్వు."

"నేనే."

ఆమె బంతిని పక్కన పెట్టింది. "నాకు కోపం ఎందుకొస్తోందో తెలుసా నాన్నా? నేను జారిందని చెప్పాను. నా మాట నువ్వు కనీసం ఒక్కసారైనా తూచి చూడలేదు."

లోపల నుంచి భార్య, "పైగా వాళ్ల పుట్టినతేదీ కూడా రాశారు," అని మరో రాయి వేసింది.

"ఆ కాగితం వెనక్కి తీసేసుకో. తప్పయిందని ఎవరికీ తెలియక్కర్లేదు," అంది కూతురు. ఆమె గొంతులో జాలి ఉంది. ఆ జాలి ఆయనకు కోపంకన్నా బరువుగా తగిలింది.

"తీసేసుకుంటే అనుమానం అలాగే ఉండిపోతుంది. నేను ఆమెను అడగడం అందరూ విన్నారు."

ఆదివారం ఎనిమిది గంటలకు గోదాము గదిలో కమిటీ కూర్చుంది. డ్రిల్లు మేడం, ఒక నర్సు, బడి నుంచి ఒక పంతులుగారు. కండక్టరమ్మ డిపో చొక్కాతోనే వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఆయన ఒక పేజీ కాగితం ఇచ్చాడు. డ్రిల్లు మేడం చదవబోతే, తనే చదువుతానని తిరిగి తీసుకున్నాడు. 'డిపో జట్టు ఫ్లాగుల్లో లోపం లేదు. గోదాముల జట్టు ఫ్లాగులు నా పరీక్షల వల్లనే వదులయ్యాయి. తేడాలు మాత్రమే రాసి, ప్రమాణం మారలేదనుకున్నాను. ఫిర్యాదు తప్పు. తప్పు నాది.' కింద పన్నెండు అంకెలు ఉన్నాయి. వాటినీ చదివాడు.

నర్సు ముక్కు మీద వేలేసుకుంది. "అంటే మేము కూడా దొంగలమేనా బాబాయ్, ఇన్నాళ్లూ?"

"పట్టికలో మీరు నాలుగో వరస."

నవ్వులు ఆగాక కండక్టరమ్మ ముందుకు వచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు.

"నా బెల్టు?"

ఆయన కొత్త కవరులో పెట్టి, తన సంతకంతో తెచ్చాడు. ఆమె చింపి, గూట్లోకి ఫ్లాగును నొక్కి, ఒక్కసారి లాగి చూసుకుంది. 'టప్'.

"ఎన్నిసార్లు లాగారు?"

"కడగకముందు మూడు, కడిగాక మూడు, చివర్లో రెండు. ఎనిమిది."

"ఎక్కువే." బెల్టు నడుముకు పెట్టుకుంది. "ఒక మాట బాబాయ్. నిన్న రాత్రంతా నేనేమైనా చేశానా అని నన్ను నేనే అనుమానించుకున్నాను. అది మీ కాగితంలో లేదు."

ఆయన జేబులోంచి కలం తీశాడు. అది ఎలా రాయాలో తెలియలేదు. కలం మళ్లీ లోపల పెట్టి, "లేదమ్మా," అన్నాడు.

ఆఖరి ఆటకు రెండు జట్లకూ పెట్టె విప్పి కొత్త బెల్టులు, ఫ్లాగులు ఇచ్చారు. త్రాసుబాబాయి ఒక్కో ఫ్లాగునూ ఒక్కసారి లాగి వదిలేశాడు. ఇంకోసారి లాగాలని వేళ్లు గుంజాయి. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. చూసేవాళ్లు మూడువందల నలభై ఒక్కమంది. రెండో సగం చివర్లో, ఒక్క పాయింటు వెనకబడి ఉన్నప్పుడు, కూతురు బంతి అందుకుని కుడిగీత పక్కగా పరుగెత్తింది. ఫ్లాగులు రెండూ నడుముకు అంటిపెట్టుకుని ఎగిరాయి. చివరి గీతకు నాలుగు అడుగుల దూరంలో కండక్టరమ్మ పక్కనుంచి వంగి చెయ్యి చాచింది. వేళ్లు గుడ్డను పట్టడం ఆయన స్పష్టంగా చూశాడు. చప్పుడు వినపడేంత దగ్గర కాదు, అయినా విన్నాననే అనుకున్నాడు. ఆమె ఎర్రటి ఫ్లాగును పైకెత్తి చూపించింది. డిపో జట్టు ఇరవై, గోదాముల జట్టు పంతొమ్మిది.

"ఇది మాత్రం ఆమే లాగింది నాన్నా," అంది కూతురు వస్తూ వస్తూ, ఒగరుస్తూ.

"చూశాను."

"ఎన్ని కిలోలంటావ్?"

"రెండున్నర ఉంటుంది," అన్నాడు ఆయన, తూచకుండానే చెప్పడం అదే మొదటిసారి.

నెల గడిచాక కండక్టరమ్మ కార్యాలయానికి వచ్చింది. ఎంపికలకు వెళ్లేవాళ్లు సామాను పరీక్ష చేయించుకుని కాగితం తేవాలట. ఆఖరి ఆటకు ఇచ్చిన కొత్త బెల్టును బల్ల మీద పెట్టి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడింది.

"మీ దగ్గరికే రావాలా అని అడిగాను. ఊళ్లో ఇంకెవరి సంతకమూ చెల్లదట."

ఆయన స్ప్రింగు త్రాసు తీశాడు. దానికి ఇప్పుడు ఇత్తడిముల్లు లేదు. మరలు విప్పిన చోట రెండు చిన్న రంధ్రాలు ఉన్నాయి. ఎడమ ఫ్లాగు ఒకసారి, కుడి ఫ్లాగు ఒకసారి. నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పి రాయసాగాడు. ఆమె మెడ సాచి చూసింది. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో ఎవరిది, మూడో గడిలో ఊడిన బరువు. నాలుగో గడి కొత్తది. పైన 'ఇప్పటివరకు నేను లాగినవి' అని ఉంది.

ఆఖరి ఆటరోజు రెండు, ఇవాళ రెండు, దానికింద 'నాలుగు' అని రాసి, ఆ అంకెను ఆమెకు చూపించి, ఆమె తలూపాక సంతకం పెట్టాడు.